నోబుల్ బడి, ఫాక్స్ బాట

బేతమంగళలో పెరిగే పిల్లల చెవిన చిన్నప్పుడే నాలుగు భాషలు పడతాయి. ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం, బంగారు గనుల వైపు పోతే తమిళం, పాఠ్యపుస్తకంలో ఇంగ్లీషు. పాలారు మీదున్న ఈ ఊరి చెరువు నీళ్లే ఒకప్పుడు కోలారు గనుల ఊళ్ల దాహం తీర్చాయి. 2001 ఫిబ్రవరి 28న ఆ గనులు మూతపడ్డాక చుట్టుపక్కల ఎన్నో కుటుంబాలకు బెంగళూరు రైలే బతుకుదారి అయింది. ఇప్పుడు మన సంఘాల యువతలో మరో ప్రయాణం ఆలోచన కనిపిస్తోంది. జీతానికి కాకుండా సేవగా, ఇంగ్లీషు నేర్పడానికి, కొన్నాళ్లు పరదేశంలో ఉండి రావాలని వాళ్ల కోరిక. "ఫలానా దేశం మీద నాకు భారం ఉంది పాస్టరుగారూ" అని ఒక అమ్మాయో అబ్బాయో చెబితే సంఘం సంతోషిస్తుంది, ప్రార్థన చేస్తుంది, కానుక పోగుచేస్తుంది. అయితే "దానికి ఎట్లా సిద్ధపడుతున్నావమ్మా?" అని కూర్చోబెట్టి అడిగేవాళ్లు తక్కువ.

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతూ ఇద్దరి జీవితాలను పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. ఒకరు రాబర్ట్ టర్లింగ్టన్ నోబుల్, మరొకరు హెన్రీ వాట్సన్ ఫాక్స్. చర్చి మిషనరీ సొసైటీ పంపగా ఇద్దరూ 1841లో కలిసి తెలుగునాటికి వచ్చారు. ఇద్దరూ బందరులోనే పని మొదలుపెట్టారు. నోబుల్ కేంబ్రిడ్జిలో చదివినవారు, అప్పటికి ముప్పై దాటినవారు. ఫాక్స్ ఆక్స్‌ఫర్డులో చదివినవారు, ఇంకా పాతిక నిండనివారు. పంపిన సంస్థ ఒకటే, దిగిన ఊరు ఒకటే, నేర్చుకోవలసిన భాషా ఒకటే. అయినా నోబుల్ ఇంగ్లీషు బడి పెట్టి నాలుగు గోడల మధ్య కుదురుకున్నారు. ఫాక్స్ తెలుగు నేర్చుకుని ఊళ్ల వెంట నడిచారు. మన పిల్లలు చేయబోయే పనిలో ఈ ఇద్దరి పనీ కలిసే ఉంది. బోధన నోబుల్‌ది, సాక్ష్యం ఫాక్స్‌ది. అందుకే ఈ పోలిక మనకు పనికొస్తుంది.

ఇద్దరికీ జీవిత చరిత్రలున్నాయి. ఫాక్స్ కథను ఆయన అన్న జార్జ్ టౌన్సెండ్ ఫాక్స్ 1850లో అచ్చువేయించారు. నోబుల్ కథను ఆయన సోదరుడు జాన్ నోబుల్ 1867లో తెచ్చారు. తోడబుట్టినవాళ్లు పోయిన దుఃఖంలో, భక్తితో రాసిన పుస్తకాలివి. అందువల్ల వీటిని చదివేటప్పుడు మనం ఒక పని అదనంగా చేయాలి. ఎదురుగా బల్ల మీద కూర్చున్న తెలుగు పిల్లవాడికి ఆ బడి ఎలా కనిపించింది? చెట్టు కింద నిలబడి ఆ దొర మాట విన్న రైతుకు అది ఎలా వినిపించింది? ఈ రెండు ప్రశ్నలూ దగ్గర పెట్టుకునే నేనీ పోలిక చేస్తున్నాను.

భాష దగ్గర

ఇద్దరూ ముందు తెలుగుకు విద్యార్థులయ్యారు. అప్పటి సదుపాయాలు చూస్తే అది చిన్న పని కాదు. ఎ. డి. కాంబెల్ వ్యాకరణం 1816లో, నిఘంటువు 1821లో వచ్చాయి. సి. పి. బ్రౌన్ వ్యాకరణం అచ్చయి అప్పటికి ఒక్క ఏడాదే, 1840లో. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు రావడానికి ఇంకో పదేళ్లు పైనే ఉంది. కాబట్టి మున్షీ ఎదుట కూర్చుని, ఊరి మనుషులతో మాట్లాడి నేర్చుకోవడమే దారి.

ఇక్కడ నోబుల్ చేసిన పని నన్ను ఆపి ఆలోచింపజేస్తుంది. ఆయన రాకకు ముఖ్య ఉద్దేశం ఇంగ్లీషు చదువు. తెలుగు రాకపోయినా పాఠం మొదలుపెట్టవచ్చు, ఎవరూ తప్పు పట్టరు. అయినా 1841లో వచ్చిన మనిషి 1843లో గానీ బడి తెరవలేదు. ఆ రెండేళ్లూ తెలుగు నేర్చుకుంటూ గడిపారు. తాను నేర్పేది ఇంగ్లీషే అయినా పిల్లవాడి ఆలోచన నడిచేది తెలుగులో. ఆ నడక తెలియకుండా పాఠం చెప్పలేమని ఆయన గ్రహించారు. ఆ బడే తర్వాత నోబుల్ కళాశాల అయింది.

ఫాక్స్‌కు తెలుగే పనిముట్టు, తెలుగే పని. ఊళ్లలో, జాతర్లలో, నలుగురు చేరిన చోటల్లా ఆయన తెలుగులో మాట్లాడారు. తప్పు మాట్లాడితే వినేవాళ్ల ముఖాల్లోనే తెలిసిపోయేది. నోబుల్ తరగతిలో గురువు. ఫాక్స్ వీధిలో ఎప్పటికీ విద్యార్థే, ఎందుకంటే ఆ భాష సొంతదారులు ఎదుటివాళ్లు. ఈ ఒక్క విషయంలో ఫాక్స్ దారి మేలైనదని నా అభిప్రాయం. ఇంగ్లీషు చెప్పేవాడికి తరగతిలో సహజంగానే ఒక ఎత్తు వస్తుంది. అక్కడి భాషలో కూరగాయలు కొనేటప్పుడు, బస్సు అడిగేటప్పుడు తడబడితే ఆ ఎత్తు దిగుతుంది. ఆ దిగడం వల్ల గురువుకు విద్యార్థి కష్టం రోజూ గుర్తుంటుంది.

ఇప్పటి వాలంటీర్లలో చాలామంది ఇంగ్లీషు చెప్పడానికి వెళ్తున్నాం కదా, అక్కడి భాష ఎందుకు అనుకుంటారు. నోబుల్ ఓపిక, ఫాక్స్ అనుభవం రెండూ ఆ మాటను కాదంటాయి.

గడప దగ్గర

భాష విషయంలో ఇద్దరినీ మెచ్చుకోవచ్చు. ఎవరిని లోపలికి రానిచ్చారన్న చోట నోబుల్‌ను నిలదీయక తప్పదు. పై కులాల పిల్లలకు చదువు చెబితే, వాళ్లలో మార్పు వస్తే, అది కిందికి పాకుతుందని ఆయన నమ్మారు. వాళ్లు బడికి రావాలని దళిత కులాల పిల్లలను చేర్చుకోలేదు. అందరికీ ఒకే తండ్రి అని చెప్పే పుస్తకాన్ని లోపల చదివిస్తూ గడప దగ్గర కులం చూశారు. కాలం అటువంటిదని సర్దిచెప్పే వీలు లేదు, ఎందుకంటే అదే కాలంలో ఫాక్స్ వీధిలో నిలబడి మాట్లాడారు. వీధికి గడప లేదు. ఎవరైనా వచ్చి వినవచ్చు.

చరిత్ర కూడా నోబుల్ లెక్కను తిరగరాసింది. తెలుగునాట క్రైస్తవం పైనుంచి కిందికి పాకలేదు. ఒంగోలు ప్రాంతంలో మాదిగ పల్లెల నుంచి, ఆ పల్లెల యర్రగుంట్ల పేరయ్య వంటి మనుషుల నుంచి లేచింది. 1876-78 కరువు చివర, 1878 జూలై 3న, ఒంగోలులో పనిచేసిన జాన్ క్లౌ మిషన్‌లో ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నోబుల్ బడి ఎవరికి తలుపు వేసిందో వాళ్లే తెలుగు సంఘానికి పునాది అయ్యారు. మన కోలారులో కూడా మిషన్ పని మొదలైంది ఆ కరువు అనాథలతోనే. మిస్ ఆన్‌స్టీ ఆ పిల్లలను చేరదీసి నడిపిన పనిని 1890లో అమెరికన్ మెథడిస్టులకు అప్పగించారు. తర్వాత 1910లో అదే ఊళ్లో మెథడిస్టుల ఇ.టి.సి.ఎం. ఆసుపత్రి వచ్చింది. ఆకలిగా ఉన్నవాళ్ల దగ్గర మొదలైన పని వందేళ్లు దాటి నిలిచింది.

పరదేశం వెళ్లే ఇంగ్లీషు టీచరుకు ఇందులో నేరుగా ఒక పాఠం ఉంది. ఏ దేశంలోనైనా ఇంగ్లీషు తరగతికి ముందు వచ్చి కూర్చునేది కాస్త స్తోమత ఉన్నవాళ్ల పిల్లలే. వాళ్లతో తరగతి నిండుతుంది, ఫొటోలు బాగుంటాయి, పంపిన సంఘానికి మంచి కబురు వెళ్తుంది. ఆ ఊళ్లో ఎవరు రాలేదో కనుక్కుని వాళ్ల వేళకు, వాళ్ల పేటకు తరగతిని తీసుకెళ్లడం కూడా సన్నాహంలో భాగమే. ఎవరికి చెప్పబోతున్నానో తెలుసుకోకుండా విమానం ఎక్కితే నోబుల్ పొరపాటే ఇంకో దేశంలో జరుగుతుంది.

లేచి వెళ్లిపోయే స్వేచ్ఛ

ఇద్దరి మధ్య అసలైన తేడా నాకు కనిపించింది ఇక్కడ. 1852లో నోబుల్ విద్యార్థులు ఇద్దరు బాప్తిస్మం తీసుకున్నారు. ఊరు ఉడికిపోయింది, తల్లిదండ్రులు పిల్లలను మాన్పించారు, బడి ఖాళీ అయింది. కొంతకాలానికి మళ్లీ నిండింది. ఈ సంఘటనలో నోబుల్ మోసం చేశారని అనలేం. ఆయన బడిలో బైబిలు బాహాటంగానే చెప్పారు. తల్లిదండ్రులకు ఆ సంగతి తెలుసు. తెలిసినా పంపారు, ఎందుకంటే కుంపిణీ ప్రభుత్వంలో ఉద్యోగానికి ఇంగ్లీషు దారి. అసలు చిక్కు అక్కడే ఉంది. పిల్లవాడి రేపటి అన్నం గురువు చేతిలో ఉన్నప్పుడు, ఆ గురువు చెప్పే విశ్వాసాన్ని వాడు ఎంత స్వేచ్ఛగా ఒప్పుకోగలడు, ఎంత స్వేచ్ఛగా కాదనగలడు?

ఫాక్స్ ముందు నిలబడ్డ మనిషికి ఈ ఇబ్బంది లేదు. నచ్చకపోతే కండువా దులుపుకుని వెళ్లిపోతాడు. వాదిస్తాడు. ఫాక్స్‌కు ఆ రైతు మీద ఏ అధికారమూ లేదు. అందుకే అక్కడ ఎవరైనా నిలబడి విన్నారంటే అది వాళ్ల ఇష్టం. ఒప్పుకుంటే అది వాళ్ల సొంత నిర్ణయం. విశ్వాసానికి విలువ ఇచ్చే మనిషి ఈ స్వేచ్ఛకు ఇంకా ఎక్కువ విలువ ఇవ్వాలి.

ఇంగ్లీషు బోధన లోకంలో ఈ చర్చ మన కాలంలో కూడా గట్టిగానే జరిగింది. ఇంగ్లీషు పాఠాన్ని మతప్రచారానికి తెరగా వాడటాన్ని జూలియన్ ఎడ్జ్ 2003లో తీవ్రంగా ప్రశ్నించారు. ఉద్దేశం దాచి తరగతిలోకి రావడం వృత్తి ధర్మం కాదని ఆయన వాదన. 2009లో మేరీ షెపర్డ్ వాంగ్, సురేష్ కనగరాజా సంపాదకులుగా ఒక పుస్తకం తెచ్చారు. అందులో క్రైస్తవ టీచర్లు, వాళ్లను విమర్శించేవాళ్లు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నట్టు వ్యాసాలున్నాయి. కనగరాజా శ్రీలంక తమిళుడు, స్వయానా క్రైస్తవుడు, ఇంగ్లీషు పెత్తనాన్ని ఎంతో కాలంగా విమర్శిస్తున్న పండితుడు. ఆయన ఉదాహరణ చూస్తే విశ్వాసానికీ విమర్శకూ పడదనే మాట నిలవదు.

నా తీర్పు ఇది. ఫాక్స్ వీధిలో ఉన్న స్వేచ్ఛను నోబుల్ తరగతిలోకి తేవాలి. పాఠం గంట పాఠానికే. విశ్వాసం గురించి అడిగినవాళ్లకు బయట, వేరే వేళ, మార్కులతో సిఫారసులతో సంబంధం లేకుండా చెప్పాలి. రానివాళ్ల పట్ల అణువంత తేడా చూపకూడదు. ఈ నియమాలు ముందే కాగితం మీద రాసుకుని, పంపే సంఘానికీ పిలిచే బడికీ చూపించి వెళ్లాలి.

చట్టం కూడా చదువుకుని వెళ్లాలి. నేపాల్‌ను తీసుకోండి. మనకు వీసా అక్కర్లేదు, భాష హిందీకి దగ్గర, అందుకే చాలామందికి ముందుగా తోచే దేశం. అక్కడ 2015 రాజ్యాంగమే మతం మార్పించడాన్ని నిషేధించింది. 2018లో అమల్లోకి వచ్చిన శిక్షాస్మృతి ప్రకారం అది ఐదేళ్ల దాకా జైలు పడగల నేరం. విదేశీయులైతే శిక్ష ముగిశాక దేశం దాటిస్తారు. వాలంటీరు తన ధైర్యం మీద నమ్మకంతో హద్దు మీరితే, తాను ఇంటికి వచ్చేసినా అక్కడి విద్యార్థులు, అక్కడి చిన్న సంఘాలు ఆ భారం మోస్తాయి. తన ధైర్యానికి ఇంకొకరు మూల్యం కట్టే పరిస్థితి రాకుండా చూసుకోవడం విశ్వాసిగా మన బాధ్యత.

పంపినవాళ్లు, నిలిచినవాళ్లు

నిలకడలో నోబుల్‌దే పైచేయి. 24 ఏళ్లు ఒక్కసారి కూడా ఇంగ్లండు వెళ్లకుండా, పెళ్లి చేసుకోకుండా, బందరులోనే ఉండి 1865లో అక్కడే కన్నుమూశారు. ఫాక్స్ ఆరోగ్యం చెడిపోయి, ఇంగ్లండుకు తిరిగి వెళ్లిన ఏడాదే, 1848లో, 31 ఏళ్లకే పోయారు. దీన్ని పట్టుదలలో తేడాగా చూడటం అన్యాయం. ఎండల్లో ఊళ్లు తిరిగే పని వేరు, నీడపట్టున చేసే పని వేరు. అయితే ఒంటి సంగతి, మనసు సంగతి చూసుకోవడం కూడా సిద్ధపాటే అని ఫాక్స్ కథ చెబుతుంది. వైద్య పరీక్షలు, టీకాలు, బీమా, జబ్బు పడితే తిరిగి వచ్చే టికెట్టు డబ్బు ముందే చూసుకోవాలి. వీటిని అవిశ్వాసం కింద లెక్కకట్టే మాటలు మన కూడికల్లో వినిపించినప్పుడు పెద్దలు సరిదిద్దాలి.

నోబుల్, ఫాక్స్ ఇద్దరూ సంపన్న దేశం పంపగా వచ్చినవాళ్లు. మన దారికి దగ్గర మనిషి ఇంకొకరున్నారు. నెల్లూరు నుంచి 1903లో జాన్ రంగయ్యను తెలుగు బాప్టిస్టులు తమ సొంత హోం మిషనరీ సొసైటీ తరఫున దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు పంపారు. 1860 నుంచి 1911 దాకా కూలి ఒప్పందం మీద అక్కడికి ఓడలెక్కిన లక్షన్నర మందికి పైగా భారతీయులలో తెలుగువాళ్లు చాలామంది. అక్కడి తోటల్లో పనిచేస్తున్న మనవాళ్ల దగ్గరికే ఆయన వెళ్లారు. అదే ఏడాది చివర కియర్స్‌నీలో తెలుగు బాప్టిస్టు సంఘాన్ని నిలబెట్టారు. 1915లో కన్నుమూశారు.

రంగయ్యకు నోబుల్, ఫాక్స్ పడ్డ భాష కష్టం లేదు. తన భాష మాట్లాడే జనం దగ్గరికే వెళ్లారు. మన బేతమంగళ యువతకు ఆ సౌకర్యం ఉండదు, కొత్త భాష నేర్చుకోక తప్పదు. కానీ పేద సంఘాలు తమ కానుకలతో ఒక మనిషిని సముద్రం దాటించగలవని రంగయ్య ప్రయాణం రుజువు చేసింది. అలా పంపిన మనిషి తనను పంపినవాళ్లకు లెక్క చెప్పాలి, పంపినవాళ్లు ఆ మనిషిని మధ్యలో వదిలేయకూడదు. పక్క ఊరి సంఘాలు రెండు మూడు కలిసి ఒకరిని రెండేళ్లు నిలబెట్టడం, పదిమందిని రెండు వారాలకు పంపడం కన్నా మంచిదని నేను గట్టిగా నమ్ముతాను. రెండు వారాల్లో పిల్లలు టీచరు పేరు నేర్చుకుంటారు, భాష నేర్చుకోరు.

మన చేతిలో ఉన్న బలం

నోబుల్‌కు గానీ ఫాక్స్‌కు గానీ లేని బలం ఒకటి మన పిల్లలకు ఉంది. వాళ్లిద్దరికీ ఇంగ్లీషు తల్లి ఒడిలో వచ్చింది. మనకు కష్టపడితే వచ్చింది. ఇంగ్లీషు తల్లిభాషగా ఉన్నవాళ్లే మంచి టీచర్లన్న నమ్మకాన్ని రాబర్ట్ ఫిలిప్సన్ 1992లో తప్పు అని వాదించారు. 1994లో హంగరీకి చెందిన పీటర్ మెడ్జెష్, నేర్చుకుని టీచరైనవాళ్లకు విద్యార్థి ఎక్కడ పడతాడో ముందే తెలుస్తుందని వివరించారు.

ఇది మనకు ఎలా వర్తిస్తుందో చూడండి. తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. నేపాలీలో, కొరియన్‌లో, మంగోలియన్‌లో, జపనీస్‌లో కూడా అంతే. ఇంగ్లీషు వాక్యంలో కర్త పక్కనే క్రియను తెచ్చిపెట్టడానికి ఆ పిల్లలు పడే తంటా మనం పడ్డదే. నామవాచకం ముందు 'ఎ' పెట్టాలా 'ది' పెట్టాలా అన్న గందరగోళం మనకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు. లండన్ టీచరు ఆ తప్పు దిద్దగలడు. మన అమ్మాయి దిద్దడంతో ఆగదు, ఆ తప్పు ఎందుకు వస్తుందో, తాను ఎలా దాటిందో కూడా చెప్పగలదు. నాలుగు భాషల మధ్య పెరిగిన బేతమంగళ బాల్యం ఈ పనికి ఎవరూ ఇవ్వలేని శిక్షణ.

లోకం మాత్రం ఈ బలాన్ని ఇంకా పూర్తిగా గుర్తించలేదు. దక్షిణ కొరియా విదేశీ భాషా బోధకుల వీసాను ఇంగ్లీషుకు సంబంధించి ఏడు దేశాలవాళ్లకే పరిమితం చేసింది. 2010లో అమల్లోకి వచ్చిన వాణిజ్య ఒప్పందం వల్ల భారతీయులకు సహాయ టీచర్లుగా చిన్న దారి తెరుచుకుంది. కాబట్టి దేశాన్ని ఎంచుకునేటప్పుడే ఆ దేశం మన పాస్‌పోర్టును ఎలా చూస్తుందో కనుక్కోవాలి. టూరిస్టు వీసా మీద వెళ్లి పాఠాలు చెప్పమని సలహా ఇచ్చే మధ్యవర్తిని నమ్మకూడదు. జీతం లేని పనికి కూడా చాలా దేశాల్లో సరైన వీసా కావాలి. డిగ్రీకి అపోస్టిల్, పాస్‌పోర్టు కార్యాలయం ఇచ్చే పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్టు ముందే సిద్ధం చేసుకోవాలి.

పుట్టి పెరిగిన అనుభవం ఒక్కటే చాలదు, పని కూడా నేర్చుకోవాలి. కేంబ్రిడ్జి వారి సెల్టా శిక్షణలో కనీసం 120 గంటలు, అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థుల ఎదుట పాఠం చెప్పడం తప్పనిసరి. ఆ ఆరు గంటలే దాని ప్రాణం. ఎదుట ఒక్క విద్యార్థీ లేకుండా కంప్యూటరు ముందు కూర్చుని ముగించే సర్టిఫికెట్టు దానికి సాటి రాదు. ఖరీదైన శిక్షణకు స్తోమత లేనివాళ్లు ఆగిపోనక్కర్లేదు. మన ఊరి ప్రభుత్వ బడిలోనో సంఘం గదిలోనో, ఏ కులమైనా ఏ మతమైనా సరే, ఒక ఏడాది సాయంత్రాలు ఉచితంగా ఇంగ్లీషు చెప్పండి. అనుభవమున్న టీచరును వెనక బల్ల మీద కూర్చోబెట్టి తప్పులు చెప్పించుకోండి. బేతమంగళలో ఓపికగా పాఠం చెప్పలేని మనిషికి విమానం దిగగానే ఆ ఓపిక రాదు.

తీర్పు

ఇద్దరిలో ఒకరినే ఆదర్శంగా తీసుకోమంటే నేను ఒప్పుకోను. నోబుల్ రెండేళ్ల ఓపిక, ఇరవై నాలుగేళ్ల నిలకడ తీసుకుందాం. ఆయన గడప దగ్గరి కులాన్ని వదిలేద్దాం. ఫాక్స్ వీధినీ, వినేవాడి స్వేచ్ఛనూ తీసుకుని, ఒంటిని అరగదీసుకునే తొందరను పక్కన పెడదాం. రంగయ్యను పంపిన తెలుగు బాప్టిస్టు సంఘాల బాధ్యతను మన కోలారు సంఘాలు నేర్చుకోవాలి.

పంపే ముందు సంఘ పెద్దలు ఆ యువకుణ్ణి, ఆ యువతిని మూడు మాటలు అడగాలి. అక్కడి భాషలో ఎంత మాట్లాడగలవు? ఈ ఊళ్లో ఎవరికి, ఎన్నాళ్లు పాఠం చెప్పావు? నీ విశ్వాసాన్ని కాదన్న విద్యార్థికి కూడా అంతే ప్రేమతో పాఠం చెబుతావా? వీటికి జవాబు లేకపోతే వీసా చేతికొచ్చినా ఆగమని చెప్పాలి, మరో ఏడాది సిద్ధపడటానికి తోడుండాలి. జవాబు ఉంటే, డిగ్రీ చిన్నదైనా, ఇంగ్లీషులో మన యాస ఉన్నా, కానుకలు పోగుచేసి ధైర్యంగా పంపాలి.